అంగడి ముందు నిలబడి తాగిన కాఫీ

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఆఫీసులో అందరికీ తెలుసు, మా ఇంట్లో ఇంకా బాగా తెలుసు. ఆ కోపం వల్ల ఒక్కసారి మాత్రం మంచి జరిగింది, అదీ కాఫీ విషయంలో.

చిత్తూరులో మా సర్కారు ఆఫీసు పాతకాలపు మేడ. మా సెక్షను పై అంతస్తులో ఉంటుంది. గేటు బయట రోడ్డు దాటితే సందు మొదట్లో ఒక కాఫీ అంగడి. దాన్ని నడిపే ఆమెను అందరూ అక్కా అనే పిలుస్తారు, ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా. భర్త పోయాక పొయ్యి దగ్గర తానే వచ్చి నిలబడింది. ఇత్తడి ఫిల్టర్లో తెల్లారే దించిన డికాషను, పల్లె నుంచి ఒకామె క్యానుతో తెచ్చే ఆవుపాలు, బజారువీధిలో అప్పటికప్పుడు ఆడించిన పొడి. ఇదే ఆమె సరుకు. అంగడికి బోర్డు కూడా లేదు.

ఆ కాఫీని ఏళ్ళ తరబడి తాగాం కానీ ఆ అంగడి ముందుకు మేము ఎన్నడూ పోలేదు. మేము అంటే మా సెక్షను ఆడవాళ్ళం. పదకొండు కాగానే మగవాళ్ళు కళ్ళజోళ్ళు టేబుళ్ళ మీద పడేసి కిందికి దిగిపోతారు. అక్కడ నిలబడి, ఊళ్ళో సంగతులన్నీ తేల్చి, ఒక గ్లాసు కాఫీని అరగంట తాగి వస్తారు. ఆడవాళ్ళకు మాత్రం కాఫీ పైకి వస్తుంది. రేపో మాపో రిటైరయ్యే మా అటెండరు ఫ్లాస్కులో పోయించుకొచ్చి పేపరు కప్పుల్లో మాకు పంచుతాడు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు. ఆడమనిషి రోడ్డు మీద నిలబడి కాఫీ తాగితే ఎవరూ ఏమీ అనరు కూడా. చూస్తారు, అంతే. ఆ చూపుకే మేము పైన కూర్చున్నాం.

ఆమధ్య బస్టాండుకు పోయే దారిలో పెద్ద కాఫీ షాపు తెరిచారు. తిరుపతిలో ఉన్నదే, బెంగళూరులో ఉన్నదే, మద్రాసులో ఉన్నదే. ఎక్కడ చూసినా అవే అద్దాలు, అవే సోఫాలు, అదే వాసన. మా సెక్షనువాళ్ళు శుక్రవారం సాయంత్రాలు అక్కడికి పోవడం మొదలుపెట్టారు. నేను రానన్నాను.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మా సెక్షనులో కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు నవ్వింది. నగరి నుంచి వచ్చిన పిల్ల, నోరు కాస్త పెద్దది. అందుకే నాకు ఇష్టం.

నా మొండితనానికి కారణం కాఫీ కాదు, మామిడికాయ. మా నాయనకు తోతాపురి తోట ఉండేది. నా చిన్నప్పుడు కాయ కొనడానికి ఎంతోమంది చిన్న వ్యాపారులు తోట దగ్గరికే వచ్చేవాళ్ళు. ఒకడు తక్కువ చెబితే నాయన "పోప్పా, నీ తర్వాత ఇంకొకడు వస్తాడు" అని మీసం దువ్వేవాడు. రానురాను ఆ చిన్నవాళ్ళంతా పోయారు, గుజ్జు తీసే ఫ్యాక్టరీలే మిగిలాయి. అప్పటినుంచి రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు నిలబడేవి. పైన కాయ మగ్గిపోతుంటే నాయన ట్రాక్టరు కింద తుండుగుడ్డ పరుచుకుని పడుకునేవాడు. వాళ్ళు ఎంతంటే అంతకు ఇచ్చి రావాలి. "కొనేటోళ్ళు పదిమంది ఉంటే మనం రైతులం మే, ఒక్కడే మిగిలితే బిచ్చగాళ్ళం" అన్నాడు ఒకసారి. మీసం దువ్వే మనిషి తల దించుకుని ఆ మాట అన్నాడు. నాకు ఇప్పటికీ అది తలచుకుంటే కడుపు మండుతుంది.

ఈ కతంతా చెబితే నగరి పిల్ల ఫోను తీసి ఏదో వెతికింది. "మేడమ్, మీరు ఎథికల్ కన్స్యూమరంట, న్యాయం చూసి కొనేటోళ్ళను అట్లంటారంట. ఈడ రాసి ఉండాది" అంది.

"మా నాయన దీనికి పేరేమీ పెట్టలేదు. తిట్టినాడు, అంతే" అన్నాను.

అయినా ఒకసారి ఆ అద్దాల షాపుకు పోక తప్పలేదు. మా సెక్షనులో ఒకామెకు ప్రమోషను వచ్చి అందరినీ పిలిచింది. మొహం గంటు పెట్టుకునే పోయాను. కాఫీ గురించి చెప్పడానికేమీ లేదు, పైన నురుగుతో ఆకు బొమ్మ వేశారు, ఆ బొమ్మే బాగుంది. కానీ అక్కడ ఇంకొకటి చూశాను. మా టేబులు పక్కన ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, నవ్వుకుంటూ ఉన్నారు. ఇంకో మూలన ఒకావిడ ఒక్కతే కూర్చుని చల్లారిపోయిన కప్పు ముందు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. ఆమెను ఎవరూ చూడటం లేదు, లెమ్మనడం లేదు. శుభ్రమైన బాత్రూము కూడా ఉంది. మావాళ్ళు ఇక్కడికి వచ్చేది కాఫీకి కాదని అప్పుడు అర్థమైంది. తిట్టడానికి పోయినదాన్ని తిట్టకుండానే తిరిగి వచ్చాను. అది అరుదు.

కొన్నాళ్ళకు మా అటెండరు ఫ్లాస్కుతోపాటు ఒక స్టీలు డబ్బా కూడా పైకి తేవడం మొదలుపెట్టాడు.

"పెరుగు మేడమ్. కమ్మగా ఉండాది. తీసుకుంటారా?"

"కాఫీ అంగట్లో పెరుగెందుకు?"

ఆయన కాస్త నసిగాడు. "పాలు మిగిలిపోతాండాయి మేడమ్. పిల్లకాయలంతా ఆ అద్దాల షాపుకు పోతాండారు. మిగిలిన పాలు తోడేస్తాండాది అక్క. ఆడికృత్తికకు కావడి మొక్కు తీర్చేసి అంగడి మూసేస్తానంటాండాది. రేణిగుంటలో ఏదో ఫ్యాక్టరీ క్యాంటీన్లో పని చూసినాడంట వాళ్ళన్న."

ఆడికృత్తిక అంటే ఇంకా ఒక నెలన్నా లేదు. మా వైపు జనమంతా కావళ్ళు భుజాన పెట్టుకుని సుబ్రహ్మణ్యస్వామి దగ్గరికి పోయే పండగ అది. నాకు ట్రాక్టరు కింద పడుకున్న మా నాయన గుర్తొచ్చాడు. అక్క అంగడి మూస్తే, పాలు తెచ్చే ఆ పల్లె ఆమె రేపటినుంచి డెయిరీ కంపెనీ వ్యానుకే పాలు పోయాలి. వాళ్ళు ఎంతంటే అంతకు పోయాలి. లేచి, చెప్పులు వేసుకుని కిందికి దిగాను. ఆ వేళప్పుడు నేను మెట్లు దిగడం చూసి అటెండరు డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

అంగడి దగ్గర నన్ను చూడగానే ఒకాయన బీడీ పారేశాడు. ఇంకొకాయన స్టూలు మీదినుంచి లేచాడు. అక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఏం మేడమ్, చెప్పి పంపితే ఫ్లాస్కు పంపిద్దును గదా, మీరెందుకు వచ్చినారు?" అంది.

చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదు. "అంగడి మూసేస్తావంట, నిజమా?" అని అడిగేశాను.

ఆమె పొయ్యి వైపు తిరిగింది. గ్లాసులో డికాషను పోసి, పొంగుతున్న పాలు పోసి, చెయ్యెత్తి రెండుసార్లు తిరగబోసి నా ముందు పెట్టింది. తాగాను.

ఏం చెప్పను! ఏళ్ళ తరబడి ఈ కాఫీనే తాగుతున్నాననుకున్నాను. ఫ్లాస్కులో ఉడికి, పేపరు కప్పులో చల్లారి నా దగ్గరికి వచ్చింది దీని పీనుగ. డికాషను ఘాటు ముక్కుకు తగిలింది, పాల తీపి నాలుక మీద మిగిలింది. సంతోషం కలగాల్సింది పోయి ఒళ్ళు మండిపోయింది. రోడ్డు దాటితే చాలు, ఇంత మంచి కాఫీ! దీన్ని ఇన్నాళ్ళూ మగవాళ్ళే తాగారు.

పైకి వచ్చి మావాళ్ళ దగ్గర రంకెలేశాను. "రేపటినుంచి ఫ్లాస్కు లేదు. అందరం కిందికే."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రమోషను వచ్చినావిడ "మా ఆయన ఆ రోడ్డునే పోతుంటాడు" అంది. ఇంకొకావిడ "కూర్చునేది యాడ మేడమ్?" అంది. అడగాల్సిన మాటే. నగరి పిల్ల మాత్రం "మా అవ్వ చెయ్యిమగ్గం చీర మేడమ్ ఇది. మిల్లు చీరలు వచ్చినాక మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయినాయి. అప్పుడు మాకోసం యాడా ఎవరూ రోడ్డు దాటి రాలేదు" అని పమిట సర్దుకుని లేచింది. ఆ మాట తర్వాత ఇంక ఎవరూ కూర్చోలేదు.

మరుసటిరోజు నలుగురం పోయాం. మా ఠీవి చూడాలి. ఊరేగింపు తప్ప అన్నీ ఉన్నాయి. అయితే మేము గేటు దాటగానే అంగడి దగ్గర "మేడమ్‌లు వస్తాండారు" అని ఎవరో అన్నారు. మేము పోయేసరికి బెంచీలు ఖాళీ. సగం తాగిన గ్లాసులు గట్టు మీద ఉన్నాయి. ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు. మా సూపరింటెండెంటు గారైతే నమస్కారం పెట్టి మరీ పోయారు. ఆడవాళ్ళు వచ్చినప్పుడు చోటిచ్చి తప్పుకోవడం మా సీమ మగవాళ్ళ మర్యాద. మేము మురిసిపోయాం. హాయిగా కూర్చుని తాగాం. ఆ మరుసటిరోజూ అంతే, ఆ పైరోజూ అంతే. తప్పుకున్న మగవాళ్ళంతా ఎక్కడికి పోతున్నారని మాలో ఒక్కరికీ తట్టలేదు.

వారం తిరక్కముందే అక్క నన్ను పక్కకు పిలిచింది. కళ్ళలో నీళ్ళున్నాయి.

"మేడమ్, తప్పుగా అనుకోవద్దండి. మీ మంచితనం నాకు తెలుసు. మీరు నలుగురు వస్తాండారు, ఆపక్క నలభై మంది పోతాండారు. మీరుండే సేపు మగోళ్ళు ఎవరూ ఈ పక్కకు రావడం లేదు. అవతలి టీ బంకుకు అలవాటు పడిపోయినారు. నిన్న పాలు సగం అట్నే ఉండిపోయినాయి. మీ కాళ్ళకు దండం పెడతా, ఫ్లాస్కు పంపిస్తాను మేడమ్, మీరు పైనే ఉండండి."

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. మునిగేదాన్ని లాగబోయి ఇంకా కిందికి తోశాం. ఇంటికి పోయి పప్పు మాడబెట్టాను. మా ఆయన మాడిన పప్పును మెచ్చుకుంటూ తిన్నాడు, అంత భయపడ్డాడు. నాకు మగవాళ్ళ మీద కోపం వచ్చింది, వాళ్ళ మర్యాద మీద ఇంకా ఎక్కువ వచ్చింది. మొరటుగా మాట్లాడేవాణ్ని తిట్టొచ్చు. దండం పెట్టి తప్పుకునేవాణ్ని ఏం చేస్తాం?

ఆ అంగట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున ఒక దినపత్రిక వస్తుంది, టీ బంకుకు అది రాదు. వచ్చీ రాగానే దాన్ని ఏ పేజీకి ఆ పేజీ విడదీసి తలా ఒకటి పట్టుకుంటారు. ఒకరు చదివింది ఇంకొకరికి పోతుంది. చేతిలో పేజీ ఉన్నవాడి కోసం మిగతావాళ్ళు కాచుకుని ఉంటారు, మధ్యలో లేచి పోరు. ముఖ్యంగా జిల్లా పేజీ కోసం. ఆ వారంలోనే మా జిల్లా ఉద్యోగుల బదిలీల మాట మొదలైంది. ఎవరు మదనపల్లెకు, ఎవరు కుప్పానికి అని ఆఫీసంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"ఇంకొక్క రోజు రానియ్యి. పని కాకపోతే మళ్ళీ నీ గడప తొక్కను" అని అక్కకు చెప్పాను. మగవాళ్ళకన్నా ముందే నేనూ నగరి పిల్లా పోయి నిలబడ్డాం. జిల్లా పేజీ నేను తీసుకున్నాను.

పదకొండుకు మగవాళ్ళు గేటు దాటారు. మమ్మల్ని చూసి టీ బంకు వైపు మళ్ళారు. మళ్ళినవాళ్ళకు నా చేతిలోని పేజీ కనిపించింది. కాళ్ళు ఆగిపోయాయి. ఎవరికీ ముందుకు రావడానికి మనసు రాలేదు, పోవడానికి ప్రాణం ఒప్పలేదు. చివరకు సూపరింటెండెంటు గారే దగ్గుతూ వచ్చారు.

"మేడమ్, మీరు చూసినాక ఆ పేజీ రొంత..."

"చూస్తాండాను సార్. కాఫీ తాగండి, అంతలోకి అయిపోతాది."

ఆయన కాఫీ చెప్పారు. ఆయన వెనక ఇంకొకరు చెప్పారు. నేను నిమ్మళంగా చదివాను. మా ఊళ్ళో గుళ్ళో పురాణం చదివే ఆయన కూడా అంత నిమ్మళంగా చదివి ఉండడు. వాళ్ళు గ్లాసులు ఖాళీ చేసి నా వైపు చూశారు. నేను పేజీ ఇవ్వలేదు. పైకి చదవడం మొదలుపెట్టాను.

బదిలీల సంగతి ఒక్కో వాక్యం చదువుతుంటే ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. సందు చివర నిలబడ్డ డ్రైవర్లు వచ్చారు. స్టాంపులు అమ్మే ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వచ్చాడు. "అయిదేళ్ళు దాటినోళ్ళకేనా, అందరికా?" అని ఎవరో అడిగారు. "అయిదేళ్ళు దాటినోళ్ళకే" అని సూపరింటెండెంటు గారు అన్నారు. "కాదు సార్, వాళ్ళు ముందు, మిగిలినోళ్ళు తర్వాత" అని నగరి పిల్ల వాదానికి దిగింది. ఆయన ఒప్పుకోలేదు. ఆ పిల్ల వదల్లేదు. డ్రైవర్లలో ఒకాయన "మేడమ్ సెప్పేదే కరెక్టు సార్, సూడండి" అని నవ్వాడు. సూపరింటెండెంటు గారూ నవ్వేశారు. నా పక్కనే నిలబడి, నా భుజం మీదుగా పేజీలోకి చూస్తూ నవ్వారు. అక్క రెండోసారి పాలు పొయ్యి మీద పెట్టింది.

మరుసటిరోజు మేము నలుగురం పోయాం. ఒక్క మనిషి కూడా లేచి పోలేదు. స్టాంపుల ముసలాయన పత్రిక విడదీస్తూ, "ఇదో మేడమ్, మీ పేజీ" అని నా చేతికిచ్చాడు. రాష్ట్రపతి చేత్తో పతకం అందుకున్నా నాకు అంత పొగరు వచ్చేది కాదు. బీడీలు కాల్చేవాళ్ళు ఎవరూ చెప్పకుండానే సందు అవతలి గోడ దగ్గరికి మారిపోయారు.

ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. ట్రెజరీ ఆడవాళ్ళు వచ్చారు. కోర్టునుంచి నల్లకోట్లు వేసుకున్న లాయరమ్మలు వచ్చారు. ఎండలో డ్యూటీ చేసే ఆడ కానిస్టేబులు ఒకామె టోపీ చంకలో పెట్టుకుని వచ్చింది. తిరుపతి బస్సు దిగి ఆఫీసు పనికి వచ్చిన తల్లీకూతుళ్ళు, వీళ్ళంతా నిలబడి ఉన్నారు కదా అని వాళ్ళూ నిలబడ్డారు. కూర్చునేది యాడ అని అడిగిన ఆవిడే ఎవరింటి వెనకో పడి ఉన్న మందపాటి పలకను రెండు రాళ్ళ మీద పెట్టించింది. బాత్రూము కోసం మా ఆఫీసు కింది అంతస్తులో ఏళ్ళుగా తాళం పడి ఉన్నదాన్ని తెరిపించాను. దానికి ఎంత నోరు చేసుకోవాల్సి వచ్చిందో అది వేరే కత. పెరుగు మరిగినవాళ్ళు డబ్బాలు పట్టుకుని వచ్చి, పాలే మిగలడం లేదని తెలిసి వట్టి డబ్బాలతో పోయారు. పల్లె ఆమె క్యాను మార్చి పెద్దది తెచ్చింది.

మావాళ్ళు ఇప్పటికీ ఎప్పుడైనా అద్దాల షాపుకు పోతారు. పోనీ. అక్కడ కౌంటరులో పనిచేసే పిల్లలు కూడా మా ఊరి పిల్లలే, వాళ్ళ మీద నాకేం కోపం లేదు. ఊళ్ళో కాఫీకి ఒక్క చోటే మిగలకూడదు, నాకు కావలసింది అదే.

ఆడికృత్తిక వచ్చింది. అక్క పసుపు చీర కట్టుకుని కావడి ఎత్తుకుని పోయింది. అంగడి ఆ రోజు మూసి ఉంటే రోడ్డు దాటి పోయి మూసిన తలుపు చూసి వచ్చాను. అంగడి నడుస్తోందని సంబరపడ్డామే కానీ, ఉంటావా పోతావా అని ఆమెను నేను మళ్ళీ అడగలేదు. అడగడానికి భయం వేసింది.

మరుసటిరోజు పొద్దున పొయ్యి వెలిగింది. పదకొండుకు మేమందరం అక్కడ ఉండగానే వాళ్ళన్న బ్యాగుతో వచ్చాడు. మంచివాడే, చెల్లెలు ఒంటరిగా అగచాట్లు పడుతోందని ఆయన బాధ. జనాన్ని తోసుకుని లోపలికి రావాలని చూశాడు, సందు దొరకలేదు. రోడ్డు మీదే నిలబడి తలలమీదుగా అరిచాడు.

"ఏం మే, సర్దుకున్యావా? బండి ఉండాది."

అందరం అక్క వైపు తిరిగాం. నా చేతిలో గ్లాసు కాలుతోంది, కింద పెట్టలేదు.

"లేదన్నా" అంది అక్క. "నేను రాను. నాకు ఈడ తీరిక లేదు."

ఆయన అందరి మొహాలూ చూశాడు. లాయరమ్మలను, కానిస్టేబులును, బెంచీ మీద మగవాళ్ళను చూశాడు. ఆయనకు కోపం రాలేదు. బ్యాగు కింద పెట్టి, "అయితే నాకొక కాఫీ ఇయ్యి" అన్నాడు.

ఆమె రెండు గ్లాసులు కలిపింది. ఒకటి అన్నకు అందించింది. రెండోది పట్టుకుని పొయ్యి వెనకనుంచి బయటికి వచ్చింది. మా అటెండరు నా చెవిలో గొణిగాడు, అక్క ఇన్నేళ్ళలో మనుషుల ముందు కాఫీ తాగగా తాను చూడలేదని, అందరూ పోయాక లోపల గోడకు తిరిగి రెండు గుక్కలు మింగుతుందని. సూపరింటెండెంటు గారు బెంచీ మీద జరిగి, "కూర్చో అక్కా" అన్నారు.

"లేదు సార్, నిలబడే తాగుతాను" అంది.

రోడ్డు వైపు తిరిగి మా మధ్యలో నిలబడింది. పోయే బస్సులను చూస్తూ, ఊదుకుంటూ, తొందర లేకుండా తాగింది. కొత్తగా వచ్చినవాళ్ళెవరో "అక్కా, రెండు స్ట్రాంగ్" అన్నారు.

"రొంత ఆగండి, నేను కాఫీ తాగతాండాను" అంది.

అందరం ఆగాం.